చోడి గింజలతో దామనపల్లి పోరు

పోస్టు పెద్దది. సిగ్నల్ ఉన్నప్పుడు తెరిచిపెట్టుకొని రాత్రి తిన్నాక చదవండి.

మేము నలుగురం డిగ్రీ హాస్టల్ వాళ్ళం. ఆదివారం పూట దగ్గర్లో ఉన్న ఆశ్రమ పాఠశాలకి వెళ్ళి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి సోషల్ చెప్తుంటాం. మొదటి రోజే అడిగాం, అల్లూరి సీతారామరాజు ఎవరు అని. ఇరవై ఏడు మంది ఉంటే ఇరవై ఏడు చేతులూ లేచాయి. మాకు గర్వంగా అనిపించింది. సరే, ఆయనతో కలిసి పోరాడినవాళ్ళలో ఐదుగురి పేర్లు చెప్పండి అన్నాం. చేతులన్నీ దిగిపోయాయి. వెనక బెంచీ నుంచి ఒక తమ్ముడు "రామ్ చరణ్" అన్నాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. నవ్వు ఆగాక ముందు వరసలో ఒక చెల్లి మెల్లగా "మనోళ్ళే కదన్నా?" అంది. మనోళ్ళే. పేర్లు చెప్పు. ఆ పాప తల వంచుకుంది.

ఆ రాత్రి హాస్టల్‌కి తిరిగొచ్చాక మాలో మేము పరీక్ష పెట్టుకున్నాం. గాము గంటం దొర, గాము మల్లు దొర, మొట్టడం వీరయ్య దొర, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజు. ఐదో పేరు దగ్గర ఆగిపోయాం, ఎందుకంటే అగ్గిరాజు మైదానం నుంచి వచ్చిన మనిషి. డిగ్రీ దాకా వచ్చిన మాకే నాలుగు దగ్గర ఆగిపోతే ఆ పాపని ఏమనగలం? అప్పుడే అనుకున్నాం, ఇది బోర్డు మీద చెప్పే పాఠం కాదు, చేతులతో చెయ్యాల్సిన పాఠం అని. దామనపల్లి పోరుని నమూనాగా కట్టిద్దాం అని తీర్మానించుకున్నాం.

దామనపల్లే ఎందుకు అంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా మన తాతలు కొండ మీద పోడు కొట్టుకున్నారు, మేకలు మేపుకున్నారు, కట్టె, తేనె, అడ్డాకు తెచ్చుకున్నారు. చట్టం వచ్చాక అదే పని నేరం అయిపోయింది. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, రంపలో పితూరీ లేచింది. అక్కడ చీలికకి ఒక కారణం చిగురు పన్ను, అంటే కల్లు గీసుకుంటే కట్టాల్సిన పన్ను. తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య ఆ పితూరీ వీరులు. కాబట్టి 1922 ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన కొండల్లో పితూరీ అన్న మాటకి అప్పటికే నలభై ఏళ్ళ పైబడిన జ్ఞాపకం ఉంది.

గూడెం ప్రాంతంలో ఆ జ్ఞాపకానికి నిప్పు పెట్టినవాడు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించాడు. పని మన వాళ్ళ చేత చేయించి, రావాల్సిన కూలిలో కొద్దిగానే చేతిలో పెట్టేవాడు. ఎదురు తిరిగితే కొరడా. ముఠాదార్ల పెత్తనం కూడా తగ్గిపోతూ వచ్చింది. గాము గంటం దొర మున్సబు పదవి పోగొట్టుకున్నదీ బాస్టియన్ వల్లే. గంటం దొర, తమ్ముడు మల్లు దొర రాజుతో కలవడానికి వెనక ఇంత కథ ఉంది. సినిమాలో హీరో వచ్చి పిలవగానే జనం పరిగెత్తుతారు. నిజంలో జనం దగ్గర కోపం ముందే ఉంది, దానికి దారి చూపించే మనిషి తర్వాత వచ్చాడు. ఇది మా అభిప్రాయం, కాదన్నవాళ్ళు కింద రాయండి, మాట్లాడుకుందాం.

1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరని విడిపించారు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులోనే రాసిపెట్టి వెళ్ళారు. దీని తర్వాత ప్రభుత్వం ఊరుకోదు కదా. పోలీసు దళాలు కొండెక్కాయి. వాటిలో ఒక దళానికి ముందుండి నడిపించిన ఇద్దరు దొరలు స్కాట్ కవర్డ్, హైటర్. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో వాళ్ళిద్దరూ చనిపోయారు. రాజు దళం దారి పైన పొంచి ఉంది. ముందు నడిచిన భారతీయ పోలీసుల గుంపుని పోనిచ్చారు. తెల్ల అధికారులు గురిలోకి రాగానే కాల్చారు. మిగతా దళం వెనక్కి తగ్గింది.

పుస్తకంలో ఇది నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి మమ్మల్ని పట్టుకుంది. "ముందు గుంపుని పోనిచ్చారు." చదవడానికి రెండు సెకన్లు పడుతుంది. చెయ్యడానికి ఎంత పట్టి ఉంటుంది? ఆ వాక్యం కోసమే దామనపల్లి ఎంచుకున్నాం.

ఇక నమూనా సంగతి. మీ ఊళ్ళో ఎవరైనా చేద్దాం అనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

సర్వే ఆఫ్ ఇండియా టోపో మ్యాప్ ఒకటి మా కాలేజీ జాగ్రఫీ సార్ ప్రింటు తీయించి ఇచ్చారు. అది 1:50,000 స్కేలు, అంటే మ్యాప్ మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఘాట్ చుట్టూ 6 సెంటీమీటర్లు పొడవు, 4.5 సెంటీమీటర్లు వెడల్పు ముక్క గీసుకున్నాం. అంటే నేల మీద 3 కిలోమీటర్లు, రెండుంపావు కిలోమీటర్లు. దాన్ని అర సెంటీమీటరు గళ్ళుగా విడగొడితే 108 గళ్ళు వచ్చాయి. పిల్లలు ఇరవై ఏడు మంది. తలా నాలుగు గళ్ళు. లెక్క అలా కుదరడం మా తెలివి కాదు, అదృష్టం.

ప్రతి ఒక్కరూ తమ గడిలో ఉన్న గీతల్ని పది సెంటీమీటర్ల గడిలోకి పెద్దవి చేసి గియ్యాలి. ఇక్కడే అసలు గొడవ మొదలైంది. ఒక తమ్ముడి గీత గడి అంచుకి ఒకచోట వస్తే, పక్క గడిలో చెల్లి గీత ఇంకోచోట మొదలైంది. "నీదే తప్పు" అంటే "నీదే తప్పు." ఇద్దరూ మ్యాప్ దగ్గరికి వచ్చి స్కేలు పెట్టి కొలిచారు. ఇద్దరిదీ తప్పే. మా నలుగురిలో ఒకరం కూడా మధ్యలోకి వెళ్ళలేదు. కొండ ఒకరి గడిలో ఆగిపోదు కాబట్టి పక్కవాళ్ళతో మాట్లాడక తప్పదు. అప్పటిదాకా ఒకే బెంచీలో కూర్చుని మాట్లాడుకోని ఇద్దరు, ఒకరిది కొయ్య భాష, ఒకరిది కువి, ఆ రోజు గంటసేపు తెలుగులో తిట్టుకొని సాయంత్రానికి ఒకే రబ్బరుతో చెరుపుకున్నారు.

కాగితాలన్నీ అతికించాక ఒక్కో గీతనీ అట్ట మీదకి దించాం. కిరాణా కొట్టు వాళ్ళిచ్చిన సబ్బుల డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు. మ్యాప్‌లో గీతకీ గీతకీ మధ్య ఎత్తు 20 మీటర్లు. మా నమూనాలో ఒక సెంటీమీటరు అంటే 25 మీటర్లు. కాబట్టి ఒక్కో మెట్టు 8 మిల్లీమీటర్లు ఉండాలి. అట్ట మందం నాలుగు మిల్లీమీటర్లు. రెండేసి అట్టలు ఒక మెట్టు. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ లెక్క మాకంటే ముందు తేల్చారు. అట్టలు పేర్చి, మైదా జిగురులో నానబెట్టిన పేపరు ముద్ద పూసి, దాని పైన పుట్టమన్ను పూత పెట్టాం. మొదటి పూత ఎండగానే బీటలు తీసింది. వంట చేసే పెద్దమ్మ చూసి "ఊక కలపకుండా గోడ మెత్తుతారేటి ఎవరైనా" అంది. ఊక కలిపాం. బీటలు ఆగాయి.

కొండ తయారయ్యాక పిల్లల మొహాలు చిన్నబోయాయి. "ఇంతేనా అన్నా? మన కొండ ఇంత పొట్టిదా?" అన్నారు. ఎత్తు రెండింతలు చేద్దాం, చూడ్డానికి బాగుంటుంది అని ఒక గుంపు పట్టుబట్టింది. నిజానికి చాలా నమూనాల్లో అలా ఎత్తు పెంచి చేస్తారు, తప్పేం కాదు. మేము మాత్రం వద్దన్నాం. బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి దారి ఎత్తు నుంచి చూడమన్నాం. పై నుంచి చూస్తే హెలికాప్టర్‌లో వచ్చిన అధికారి చూసినట్టు ఉంటుంది. దారి దగ్గర కన్ను పెడితే నడిచేవాడు చూసినట్టు ఉంటుంది. అలా చూసిన మొదటి పాప "అమ్మో" అంది. ఎత్తు పెంచే మాట మళ్ళీ రాలేదు.

తర్వాత మనుషుల్ని పెట్టాలి. పిల్లలు బంకమట్టితో వేలెడు బొమ్మలు చేసుకొచ్చారు. రాజు బొమ్మకి గడ్డం, విల్లు, కాషాయం, చాలా ముద్దుగా ఉంది. ఆ బొమ్మని కొండ మీద పెడితే కొండలో సగం ఎత్తు వచ్చింది. లెక్క వెయ్యమన్నాం. ఆరు సెంటీమీటర్ల బొమ్మ, సెంటీమీటరుకి 25 మీటర్లు. 150 మీటర్ల మనిషి! మరి మామూలు మనిషి ఎంత ఉండాలి? మిల్లీమీటరు కంటే తక్కువ. బియ్యపు గింజ పెట్టినా పదిహేను మీటర్ల రాక్షసుడే. చివరికి ఒక చెల్లి జేబులోంచి చోడి గింజలు తీసింది. అవీ లెక్క ప్రకారం పెద్దవే, కానీ అంతకంటే చిన్నది చేత్తో పట్టుకోలేం. చోళ్ళు మనోళ్ళు, సామలు పోలీసులు అని ఖాయం చేసుకున్నాం.

ఒక ఇబ్బంది వచ్చింది. చోడి గింజలన్నీ ఒకేలా ఉంటాయి. రాజు ఎవరు? "ఎర్ర రంగు వేద్దాం" అన్నాడు ఒకడు. "వద్దు, దూరం నుంచి పోలీసులకి తెలిసిపోద్ది" అంది ఇంకో పాప. అంతే, రంగు వెయ్యలేదు. పరవాలేదు, రాజు అక్కడ మనోళ్ళ మధ్యే ఉన్నాడు. దీని మీద ఒక అన్న మాతో గొడవపడ్డాడు, నాయకుణ్ణి గుర్తుపట్టలేని నమూనా ఏం నమూనా అని. ఆయన బాధ మాకు అర్థమైంది. కానీ రాజుకి విగ్రహాలు చాలా ఉన్నాయి, 2022 ఏప్రిల్ నుంచి ఆయన పేరుతో జిల్లా కూడా ఉంది. మిగతా గింజలకి ఏముంది?

అడవి కోసం స్పాంజి ముక్కలకి ఆకుపచ్చ రంగు వేసి గుచ్చారు పిల్లలు. కొన్నిచోట్ల కొండచీపురు కుచ్చులు. మళ్ళీ పెద్దమ్మే వచ్చి "ఏ నెలలో జరిగిందిది?" అని అడిగింది. సెప్టెంబర్ 24. "అంటే దసరా ముందు. అప్పుడు అడవి ఇంత పలచగా ఉంటాదేటి? మనిషి పక్కనే ఉన్నా కనపడడు" అంది. ఆమె అన్నాక మేము లెక్క చూశాం. 1922 సెప్టెంబర్ 21న అమావాస్య, ఆ రోజు సూర్యగ్రహణం కూడా. కాబట్టి 24 నాటికి ఆశ్వయుజం మొదలై మూడు, నాలుగు రోజులు. ఆదివారం. వానలు పడి అడవి నిండుగా ఉన్న కాలం, చంద్రుడు పెందలాడే గుంకేసే రాత్రులు. డేటు పుస్తకంలో అందరం చదివాం. ఆ డేటులో అడవి ఎలా ఉంటుందో చెప్పింది మాత్రం బడికి వెళ్ళని పెద్దమ్మ. స్పాంజి ముక్కలు రెట్టింపు చేశాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కడ పొంచి ఉండాలి? పిల్లల్ని మూడు గుంపులు చేసి దారం ఉండలు ఇచ్చాం. కొండ మీద ఒక గింజ, దారి మీద ఒక గింజ, మధ్యలో దారం బిగించి పట్టుకోవాలి. దారం ఎక్కడా కొండకి తగలకపోతే ఆ ఇద్దరూ ఒకరికొకరు కనపడతారు. తగిలితే కనపడరు. ఇంకో షరతు తుపాకిది. నున్నటి గొట్టం ఉన్న ఆ కాలపు మస్కెట్టు గురి నమ్మకంగా తగలాలంటే వంద గజాల లోపే ఉండాలి. మన నమూనాలో అది నాలుగు సెంటీమీటర్ల లోపు. మూడో షరతు ఒక చెల్లి తనే చేర్చింది: "కాల్చాక పారిపోవడానికి వెనక దారుండాలి కదన్నా."

మొదటి గుంపు అన్నిటికంటే ఎత్తైన చోటు పట్టుకుంది. అక్కడి నుంచి దారి అంతా కనపడింది, కానీ దూరం తొమ్మిది సెంటీమీటర్లు. తుపాకి అందదు. రెండో గుంపు దారి పక్కనే పెట్టింది. గురి అందుతుంది, కానీ వెనక నిట్టనిలువు, తప్పించుకోలేరు. మూడో గుంపు దారి వంపు తిరిగే చోటుకి కొంచెం పైన పెట్టింది. అక్కడి నుంచి వంపుకి ఇటు వచ్చేవాళ్ళు కనపడతారు, వంపు దాటినవాళ్ళకి వెనక ఏం జరుగుతుందో కనపడదు. ముగ్గురికీ మధ్య అరగంట వాదన. చివరికి మూడో గుంపు చోటునే అందరూ ఒప్పుకున్నారు. ఇది మా లెక్కలో తేలిన చోటు, శాసనం కాదు. కానీ ఆ వాదనలో పిల్లలకి ఒక సంగతి తెలిసింది: ఇలాంటి చోటు మ్యాప్ చూసి ఒక్క రోజులో కనిపెట్టేది కాదు, ఆ దారిలో కట్టె మోసినవాడికి, పశువు తోలినవాడికి తెలిసేది. యుద్ధం నేర్చుకున్నది ఎవరైనా కావచ్చు, ఆ కొండ తెలిసింది మాత్రం మనోళ్ళకే.

తూటాల లెక్క కూడా వేశారు. 2,500 తూటాలు, 26 తుపాకులు. ఒక్కో తుపాకికి వంద కూడా రావు. అయిపోతే మళ్ళీ ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకో స్టేషన్ మీద పడితేనే. సినిమాలో లాగా గాల్లోకి కాల్చడం కుదరదు అని ఒక తమ్ముడు చాలా నిరాశగా చెప్పాడు.

సామల్ని దారి మీద పేర్చే పని ఒక తొమ్మిదో తరగతి తమ్ముడికి ఇచ్చాం. వాడు గింజలు చేతిలో పెట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఏమైందిరా అంటే "మా నాన్న హోంగార్డు" అన్నాడు. గది నిశ్శబ్దం అయిపోయింది. ఏం చెప్పాలో మాకు తోచలేదు. కాసేపటికి వాడే అడిగాడు, "ముందు గుంపుని ఎందుకు వదిలేశారన్నా? వాళ్ళూ మనోళ్ళని పట్టుకోడానికే కదా వచ్చారు."

చెప్పగలిగింది చెప్పాం. భారతీయుల మీద కాల్చకూడదన్నది రాజు పెట్టుకున్న నియమం. ఆ పోలీసుల్లో చాలామంది జీతం కోసం వచ్చిన బీద ఇంటి మనుషులు. అంతేకాదు, దాని వెనక తెలివి కూడా ఉంది. ఈ మాట ఊరూరా పాకితే రేపు కొండెక్కే పోలీసు మనసులో ఒక ప్రశ్న మొదలవుతుంది: వీళ్ళు నన్ను చంపరు, మరి నేనెందుకు వీళ్ళని చంపాలి? తమ్ముడు విన్నాడు. ముందు గుంపు సామల్ని ఒక్కొక్కటే వంపు దాటించి పెట్టాడు, చాలా జాగ్రత్తగా. దొరల గింజలు మాత్రం వేరేవాళ్ళని పెట్టమన్నాడు.

ఆ తర్వాత ఒక ఆట ఆడించాం. ఉదాహరణకి ముందు గుంపులో నలభై మంది ఉన్నారనుకోండి. ఘాట్ దారిలో ఒకరి వెనక ఒకరు నడవాలి, మనిషికి మనిషికి రెండు మీటర్లు. 80 మీటర్ల వరస. బరువులతో ఎత్తు ఎక్కుతూ మన కింద నుంచి దాటడానికి రెండు నిమిషాలు దాటుతుంది. ఆ రెండు నిమిషాలు చేతిలో తుపాకి ఉండీ, శత్రువు కింద నడుస్తూ ఉండీ, కదలకుండా, దగ్గకుండా ఉండాలి. ఫోన్లో టైమర్ పెట్టి ఇరవై ఏడు మందినీ నేల మీద బోర్లా పడుకోబెట్టాం. నలభయ్యో సెకనులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఓడిపోయాం. రెండోసారి దోమ కుట్టింది. ఓడిపోయాం. ఐదోసారికి గానీ రెండు నిమిషాలు నిండలేదు. లేచాక ఎవరూ మాట్లాడలేదు. "ముందు గుంపుని పోనిచ్చారు" అన్న వాక్యం పుస్తకం తెరిచి మళ్ళీ చదివించాం. ఈసారి ఆ వాక్యానికి ఎంత పట్టిందో వాళ్ళకి ఒంటికి తెలిసింది. ఒక్కరు తొందరపడితే అంతా పోయేది. ఆ ఒక్కరు తొందరపడలేదు. పేరు లేని ఆ గింజల్లో ప్రతి ఒక్కటీ ఆగింది.

మాలో మాకూ ఒక అనుమానం ఉంది, దాచుకోం. ఇద్దరు మనుషుల్ని చంపిన సంఘటనని పిల్లల చేత ఆట లాగా చేయించడం సరైనదేనా? వాళ్ళిద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. వాళ్ళకీ ఇంట్లో ఎవరో ఎదురుచూసే ఉంటారు. పిల్లలకి ఈ మాట కూడా చెప్పాం. నిజంగా చంపడం ఆట కాదు కాబట్టే కాల్చే ఘట్టాన్ని ఆడించలేదు, ఆగే ఘట్టాన్నే ఆడించాం. అది చాలిందా లేదా అన్నది మీరు చెప్పండి.

ప్రదర్శన ముందు రోజు రాత్రి ఎలుకలు పడ్డాయి. పొద్దున్న వెళ్ళి చూస్తే చోళ్ళూ లేవు, సామలూ లేవు, దారి పక్కన పుట్టమన్ను గోకేసి ఉంది. మాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లలు మాత్రం పది నిమిషాల్లో గింజలు తెచ్చి మళ్ళీ పేర్చడం మొదలెట్టారు. మేము నోట్సు చూసి ఎక్కడెక్కడ ఉండాలో చెప్పబోతే "మాకు తెలుసన్నా" అన్నారు. చూస్తే పాత చోట్లలో పెట్టట్లేదు. వంపు పైన అందరినీ ఒకేచోట కాకుండా కొందరిని ఎదురు గట్టు మీదకి జరిపారు, ఇద్దర్ని వెనక దారి చూడ్డానికి పంపారు. వెనక పోలీసులు సాయానికి వస్తే ఎవరు కేక వేస్తారు అని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారట. మా నోట్సు మడిచి జేబులో పెట్టుకున్నాం.

ప్రదర్శనకి వచ్చిన ఒక పెద్దాయన నమూనా చూసి, ఇందులో రాజు బొమ్మ ఏది, జెండా ఏది అన్నారు. పక్కన పెట్టిన అగ్నిపర్వతం బాగుందన్నారు, అది సోడా, వెనిగర్ పోస్తే పొంగుతుంది. బహుమతి దానికే వచ్చింది. పొంగేదానితో పోటీ పడలేం. కానీ ముందు వరస చెల్లి, మొదటి రోజు తల వంచుకున్న పాప, ఆయన్ని ఆపి గడ్డం బల్లకి ఆనించి చూడమంది. ఆయన ప్యాంటు దులుపుకుంటూ వంగారు. ఆ పాప దారం పట్టుకొని, గంటం దొర, మల్లు దొర, ఎర్రేసు, వీరయ్య దొర అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఐదో పేరు దగ్గర ఆగి "మా ముత్తాతలు" అంది.

దామనపల్లి తర్వాత ఏమైందో కూడా పిల్లలు అడిగారు. గెలిచిన కథ దగ్గర ఆపెయ్యడం మోసం అవుతుంది కాబట్టి చెప్పాం. అక్టోబర్ 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్ల మీద పడ్డారు గానీ, ప్రభుత్వం జాగ్రత్తపడి ఆయుధాల్ని ముందే దాచేసింది. తూటాల లెక్క వేసిన పిల్లలకి దాని అర్థం వెంటనే తెలిసింది, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మలబార్ స్పెషల్ పోలీసు వచ్చింది. 1921లో మలబార్ తిరుగుబాటు అణచడానికి పుట్టిన దళం అది, కొండలూ అడవులూ వాళ్ళకి కొత్త కాదు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం వరిచేలలో పగలు నలుగురు, ఆ రాత్రి ఇంకో దాడిలో ఎనిమిది మంది మనోళ్ళు పోయారు. 1923 సెప్టెంబర్‌లో మల్లు దొర పట్టుబడ్డారు. 1924లో అస్సాం రైఫిల్స్‌ని దించారు. కొండవాళ్ళని పట్టుకోడానికి ఇంకో కొండ ప్రాంతపు దళాన్ని తెచ్చారన్నమాట. మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జూన్‌లో గంటం దొర కూడా పోరాడుతూ పోయారు.

మల్లు దొరకి ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ వెళ్ళారు. బతికి తిరిగొచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. ఈ సంగతి చెప్పగానే హోంగార్డు కొడుకు "ఎంపీనా? మనోడా?" అని రెండుసార్లు అడిగాడు. అండమాన్ జైలు నుంచి పార్లమెంటుకి వెళ్ళిన ఆ మనిషి పేరు మన పిల్లలు తొమ్మిదో తరగతి దాకా వినలేదంటే తప్పు పిల్లలది కాదు.

తెలంగాణ వైపు అన్నలు, అక్కలు జోడేఘాట్ కట్టొచ్చు. 1940లో కొమరం భీం దళం నిలబడిన కొండ అది, టోపో మ్యాప్ దొరుకుతుంది, దారం లెక్క అక్కడా పనిచేస్తుంది. గింజలు మాత్రం జొన్నలు వాడకండి, పెద్దవైపోతాయి. రాత్రి పూట పైన గిన్నె బోర్లించండి, ఎలుకల సంగతి చెప్పాం కదా.

మేము తర్వాత పెద్దగడ్డపాలెం కడదాం అనుకుంటున్నాం. పిల్లలు ఒప్పుకోవట్లేదు. "ఓడిపోయింది ఎందుకన్నా, ఇంకో గెలిచింది కడదాం" అంటున్నారు. కొండ లేని చోట, వరిచేల మధ్యలో, దారం ఎటు బిగించినా తగిలేది ఏమీ ఉండదు. ఆధునిక తుపాకుల ముందు అక్కడ ఎందుకు నిలవలేకపోయారో ఆ దారమే చూపిస్తుందని మా ఆశ. ఈసారి అట్టలు తక్కువ పడతాయి, ప్లైవుడ్ ముక్క ఒకటి కావాలి, మూడడుగులు బై నాలుగు. కొయ్యూరు, చింతపల్లి వైపు ఎవరి దగ్గరైనా ఉంటే కింద రాయండి, మేమే వచ్చి మోసుకుపోతాం. డిసెంబర్ మొదటి వారంలో అక్కడ వరి కోసేస్తారా, చేలోనే ఉంటుందా, అది కూడా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. పెద్దమ్మ అడుగుతుంది, జవాబు సిద్ధంగా ఉండాలి.